మొటిమలు తగ్గాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఈ రోజు మీ ముఖం మీద కనిపిస్తున్న మొటిమ ఈ రోజు పుట్టింది కాదు. వెంట్రుక మొలిచే సన్నని రంధ్రం లోపల, కంటికి కనిపించని స్థాయిలో, అది కొన్ని వారాల ముందే మొదలై ఉంటుంది. వైద్యం మొదలుపెట్టినవారిలో చాలామంది పది పదిహేను రోజులకే విసిగిపోయి మందు మార్చేయడానికి, అదీ పని చేయలేదని ఇంకొకటి కొనడానికి కారణం ఈ సంగతి ఎవరూ వారికి చెప్పకపోవడమే. మీరు రాసుకునే మందు ప్రధానంగా పని చేసేది ఇంకా బయటపడని మొటిమల మీద. కాబట్టి సరైన పద్ధతి ఒకటి ఎంచుకుని, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు మానకుండా పాటించిన తరువాతే అది పనికొచ్చిందో లేదో తేల్చుకోవాలి. ఆ పద్ధతిని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏవి ఆపాలో, ఎప్పుడు వైద్యుల దగ్గరికి వెళ్లాలో వరుసగా చూద్దాం.

ముందుగా, అవి మొటిమలేనా?

పగటిపూట కిటికీ పక్కన నిలబడి, చేతి అద్దంలో నుదురు, చెంపలు, గడ్డం చూసుకోండి. రెండు వేళ్లతో చర్మాన్ని కొద్దిగా సాగదీస్తే, మామూలుగా కనిపించని చిన్న చిన్న తెల్లని పొక్కులు, ముక్కు మీద, గడ్డం మీద నల్లటి చుక్కలు బయటపడతాయి. వీటినే వైట్‌హెడ్స్, బ్లాక్‌హెడ్స్ అంటున్నాం. ఎర్రటి పొక్కులతో పాటు ఇవి కూడా ఉంటే మీకున్నవి మొటిమలే అనుకోవచ్చు.

ఇవి అసలు లేకుండా, అన్నీ ఒకే పరిమాణంలో ఉన్న చిన్న పొక్కులు నుదుటి మీద జుట్టు అంచున, ఛాతీ మీద, వీపు పైభాగంలో గుంపుగా వచ్చి బాగా దురద పెడుతుంటే, అది యీస్టు అనే ఒక రకం ఫంగస్ వల్ల వచ్చే రోమకూపాల వాపు కావచ్చు. తేమ, చెమట ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతంలో దీనికి అనుకూలమైన వాతావరణం ఉంటుంది. దీనికి ఫంగస్ మందులు కావాలి. మొటిమల కోసం వాడే యాంటీబయాటిక్‌తో ఇది ఇంకా పెరుగుతుంది. వేసవిలో వచ్చే చెమటకాయలు కూడా మొటిమలు కావు. అలాగే ఒక్కటిగా, పెద్దగా, వేడిగా, సలుపుతూ లేచే సెగగడ్డ వేరే రకం బ్యాక్టీరియా వల్ల వస్తుంది. అది ముఖం మీద, ముఖ్యంగా ముక్కు చుట్టూ, పైపెదవి మీద వస్తే నొక్కకుండా వైద్యులకు చూపించండి.

లోపల జరిగేది

ప్రతి రోమకూపానికీ ఆనుకుని ఒక తైలగ్రంథి ఉంటుంది. యుక్తవయసు వచ్చేసరికి ఆండ్రోజన్ హార్మోన్లు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ పెరిగి, ఆ గ్రంథి ఎక్కువ జిడ్డును తయారు చేస్తుంది. అదే సమయంలో రంధ్రం లోపలి పొరలో చనిపోయిన కణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని దారిని మూసేస్తాయి. లోపల చిక్కుకున్న జిడ్డులో, అందరి చర్మం మీదా సహజంగానే నివసించే క్యూటీబ్యాక్టీరియం ఆక్నేస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది; దానికి శరీరం స్పందించినప్పుడు వాపు, ఎరుపు, చీము వస్తాయి. ఈ నాలుగు పనులూ చర్మం లోపలే జరుగుతున్నాయి. ముఖం సరిగా కడుక్కోకపోవడం వల్ల మొటిమలు వచ్చాయని పిల్లలను తప్పుపట్టడం అన్యాయం. బ్లాక్‌హెడ్‌లోని నలుపు కూడా మురికి కాదు. రంధ్రం నోటి దగ్గర చర్మపు రంగు పదార్థమూ జిడ్డూ గాలి తగిలి ముదిరితే వచ్చే రంగు అది.

మీ విషయంలో కారణాలేమిటో వెతకండి

12 నుంచి 24 ఏళ్ల మధ్య దాదాపు 85 శాతం మందికి ఎంతో కొంత మొటిమలు వస్తాయని చర్మవైద్య గ్రంథాలు చెబుతాయి. వయసు, వంశం అనే రెండు కారణాలను మీరు మార్చలేరు. తల్లిదండ్రులలో ఎవరికైనా లోతైన మొటిమలు వచ్చి గుంటలు పడి ఉంటే, మీరు తొందరగా వైద్యం మొదలుపెట్టడం మంచిది. ఇక మార్చగలిగిన కారణాలను ఒక కాగితం మీద రాసుకుంటూ వెతకండి.

తలనూనె గురించి ముందు ఆలోచించండి. రాత్రి కొబ్బరినూనె దట్టంగా పట్టించి పడుకుంటే అది నుదుటి మీదికీ, దిండు మీదుగా చెంపల మీదికీ చేరి రంధ్రాలను మూస్తుంది. పొక్కులు ఎక్కువగా నుదుటి మీద, కణతల దగ్గర ఉంటే నూనె మీద అనుమానపడాలి. నూనె పూర్తిగా మానక్కరలేదు. తలస్నానానికి ఒక గంట ముందు పెట్టుకుని, జుట్టు ముడి వేసి, నూనె పోయేలా తలంటుకుంటే చాలు. హెల్మెట్ పట్టీ తగిలే గడ్డం కింద, మాస్కు రాసుకునే చోట, కాలర్ ఒత్తుకునే మెడ మీద వచ్చేవి రాపిడి వల్ల వచ్చేవి. హెల్మెట్ లోపలి మెత్తను వారానికోసారి ఉతికి ఆరబెట్టండి.

తరువాత మందులను చూడండి. స్టెరాయిడ్ మాత్రలు, క్షయకు వాడే ఐసోనియాజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, మానసిక సమస్యలకు వాడే లిథియం వంటివి మొటిమల లాంటి పొక్కులను తెస్తాయి. నీరసంగా ఉందని బలానికి వేయించుకునే సూదిమందుల్లో బీ12 అధిక మోతాదులో ఉంటే అదీ కారణం కావచ్చు. వైద్యులు రాసిన మందును మొటిమల కోసం మీ అంతట మీరు మానకూడదు. ఆ వైద్యుణ్ణే అడగండి. జిమ్‌లో కండలు పెంచడానికి ఎవరైనా ఇచ్చిన హార్మోన్ సూదిమందులు మాత్రం వెంటనే ఆపాల్సినవే. మొటిమల కంటే పెద్ద ప్రమాదాలు వాటి వెనుక ఉన్నాయి.

మహిళలు నెలసరి ముందు గడ్డం, దవడ దగ్గర మొటిమలు పెరగడం గమనిస్తే అది సాధారణమే. కానీ నెలసరి ఎప్పుడూ 35 రోజులు దాటి వస్తూ, గడ్డం మీద, పైపెదవి మీద ముతక వెంట్రుకలు వస్తూ, నడినెత్తిన జుట్టు పలచబడుతుంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. అటువంటప్పుడు ముఖానికి ఎన్ని పూతలు పూసినా లోపలి కారణం అలాగే ఉంటుంది.

ఆహారం విషయంలో మన ఇళ్లలో వినిపించే మాట, వేడి చేసిందని. మామిడిపండ్లు తిన్నందుకు, వేయించిన పదార్థాలు తిన్నందుకు మొటిమలు వచ్చాయని గట్టిగా నమ్ముతాం. తిన్న నూనె నేరుగా చర్మపు జిడ్డుగా మారదు. రక్తంలో చక్కెరను వేగంగా పెంచే ఆహారానికి మాత్రం మొటిమలతో సంబంధం ఉన్నట్టు పరిశోధనలు చూపిస్తున్నాయి: కూల్‌డ్రింకులు, మిఠాయిలు, బేకరీ తినుబండారాలు, కూర తక్కువగా, తెల్లన్నం కుప్పగా ఉన్న కంచం. పాల విషయంలోనూ కొందరిలో సంబంధం కనిపించింది. పాల విరుగుడు నుంచి తీసే వే ప్రోటీన్ పొడి తాగేవారిలో ఛాతీ, వీపు మీద మొటిమలు పెరగడం వైద్యులు తరచుగా చూస్తుంటారు. అందువల్ల అన్నం మానేయకుండా, కూర, పప్పు, పెరుగు పాళ్లు పెంచి, చక్కెర తగ్గించి, వే పొడిని రెండు మూడు నెలలు పక్కన పెట్టి చూడండి. మామిడిపండు ఒకటి తిన్నందుకు భయపడనక్కరలేదు.

ఇంటర్మీడియట్, పోటీ పరీక్షల రోజుల్లో హాస్టల్‌లో ఉండే పిల్లలకు నిద్ర తగ్గి, ఒత్తిడి పెరిగి, ఉన్న మొటిమలు ఎక్కువవుతాయి. ఆ వయసులో వారి ముఖం గురించి బంధువులు చేసే వ్యాఖ్యలు ఒత్తిడిని రెట్టింపు చేస్తాయి. ఇంట్లో పెద్దలు ఈ వ్యాసం చదువుతుంటే, మొటిమలున్న పిల్లలతో వాటి ప్రస్తావన వారు తెచ్చినప్పుడే మాట్లాడవలసిందిగా మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

మందు మొదలుపెట్టే ముందు ఆపాల్సినవి

అన్నిటికంటే ముందు స్టెరాయిడ్ క్రీములు. మెడికల్ షాపుకు వెళ్లి మొటిమలకు ఏదైనా క్రీము ఇవ్వమని అడిగితే, లేదా తెల్లబడటానికి స్నేహితురాలు వాడుతున్న ట్యూబ్ తెచ్చుకుంటే, అందులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబ్ వెనక చిన్న అక్షరాలలో ఉన్న పేర్లు చదవండి: బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్. వీటిలో ఏది ఉన్నా అది మొటిమలకు రాసుకునే మందు కాదు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో కలిపి స్టెరాయిడ్ ఉన్న క్రీములు మంగు మచ్చలకు, వైద్యుల పర్యవేక్షణలో, కొద్దికాలం వాడటానికి ఉద్దేశించినవి.

స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది కాబట్టి మొదటి వారంలోనే ముఖం నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. కొన్ని వారాలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రటి సన్నని రక్తనాళాలు బయటపడి, ఎండకు మంట పుట్టి, చెంపల మీద నూగు పెరిగి, ఒకే పరిమాణంలో కొత్త పొక్కులు లేస్తాయి. క్రీము ఆపితే ముఖం మండిపోతుంది. ఆ బాధ భరించలేక మళ్లీ అదే రాస్తారు. ఈ సమస్య దేశమంతటా ఎంత విస్తరించిందంటే, 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ చర్మానికి రాసే 14 స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. అయినా అమ్మకం ఆగలేదు. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవారు ఒంటరిగా ఆపే ప్రయత్నం చేయకుండా ట్యూబ్‌ను వెంట తీసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఆపినప్పుడు వచ్చే మంటను, ఎరుపును తగ్గిస్తూ బయటపడే మార్గం వారి దగ్గర ఉంది.

మొటిమ మీద టూత్‌పేస్ట్, నిమ్మరసం, వంటసోడా పెట్టడం మానండి. ఇవి చర్మాన్ని కాల్చి, నల్లమచ్చను మిగులుస్తాయి. పసుపు, శనగపిండి నలుగు వల్ల సాధారణంగా పెద్ద హాని లేదు గానీ, ఎర్రబడిన మొటిమల మీద గట్టిగా రుద్దితే వాపు పెరుగుతుంది. గిల్లడం, నొక్కడం అన్నిటికంటే చెడ్డ అలవాటు: చీము బయటికి రావడంతో పాటు లోపలికి కూడా చిట్లుతుంది, గుంట అక్కడ మొదలవుతుంది. చేయి ఊరికే ముఖం మీదికి వెళుతుంటే గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, ఇంట్లో ఉన్నప్పుడు మందుల దుకాణంలో దొరికే చిన్న హైడ్రోకొల్లాయిడ్ స్టిక్కర్‌ను మొటిమ మీద అతికించుకోండి.

రోజువారీ శుభ్రత

ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, చెమట పట్టి వచ్చినప్పుడు మరోసారి, మృదువైన ఫేస్‌వాష్‌తో వేళ్ల చివరలతో కడుక్కుని మెత్తని గుడ్డతో అద్దుకోవాలి. రోజుకు ఐదారుసార్లు సబ్బు రుద్దితే చర్మం ఎండిపోయి, తరువాత రాసే మందు భరించలేనంత మంట పెడుతుంది. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని అనుకోకండి. మందును కొనసాగించగలగడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. రంధ్రాలను మూయదని, అంటే నాన్ కామెడోజెనిక్ అని రాసి ఉన్న తేలికపాటి జెల్ రకం తీసుకోండి. పగలు బయటికి వెళ్లే ముందు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ తప్పనిసరి. మన రంగు చర్మంలో మొటిమ మానిన చోట నల్లమచ్చ ఏర్పడటం చాలా ఎక్కువ, ఎండ దాన్ని నెలల తరబడి నిలబెడుతుంది.

మందు ఎలా మొదలుపెట్టాలి

తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్న మొటిమలకు రెండు పూతమందులు పునాది: రాత్రికి అడాపలీన్ 0.1 శాతం జెల్, పగటికి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. మొదటిది రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది, రెండోది బ్యాక్టీరియాను తగ్గిస్తుంది. ఒక్కసారైనా వైద్యులతో మాట్లాడి చీటీ రాయించుకుని మొదలుపెట్టండి. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు అడాపలీన్ వాడకూడదు. వారికి అజెలాయిక్ యాసిడ్ సురక్షితమైన ప్రత్యామ్నాయం, అది నల్లమచ్చలను కూడా తగ్గిస్తుంది.

మొదటి రెండు వారాలు అడాపలీన్‌ను రోజు విడిచి రోజు మాత్రమే రాయండి. ముఖం కడుక్కున్నాక పూర్తిగా ఆరేదాకా, ఇరవై నిమిషాల వరకు, ఆగండి. తడి చర్మం మీద మంట ఎక్కువ. బఠాణీ గింజంత జెల్ వేలి చివర తీసుకుని నుదుటి మీద, రెండు చెంపల మీద, ముక్కు మీద, గడ్డం మీద ఒక్కో చుక్క పెట్టి, పలచగా ముఖమంతా పరచండి. కళ్ల చుట్టూ, పెదవుల అంచులు, ముక్కు పక్క ముడతలు వదిలేయండి. దాని మీద మాయిశ్చరైజర్. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గదు, పొట్టు లేచి ఆపేయాల్సి వస్తుంది. మొటిమ కనిపించిన చోట మాత్రమే చుక్క పెట్టడం కూడా వృథా, ఎందుకంటే రేపటి మొటిమ దాని పక్కన మామూలుగా కనిపిస్తున్న చర్మంలో తయారవుతోంది. చర్మం అలవాటుపడ్డాక మూడో వారం నుంచి ప్రతి రాత్రీ రాయవచ్చు.

బెంజాయిల్ పెరాక్సైడ్‌ను రెండు వారాల తరువాత కలపండి. 2.5 శాతం మందు దాదాపు 10 శాతం మందుతో సమానంగానే పని చేస్తుంది, మంట మాత్రం చాలా తక్కువ. కాబట్టి ఎక్కువ శాతం ఉన్నది వెతకనక్కరలేదు. సున్నిత చర్మం ఉన్నవారు రాసుకుని ఐదు పది నిమిషాల తరువాత కడిగేసుకున్నా ఫలితం ఉంటుంది. ఇది రంగు బట్టలను వెలిసిపోయేలా చేస్తుంది, అందువల్ల తువ్వాలు, దిండు గలేబు తెల్లవి వాడండి. ట్యూబ్‌ను చల్లని చోట ఉంచాలి. మే నెలలో బండి డిక్కీలోనో, కిటికీ గూట్లోనో వదిలేయకండి. రాసిన కొద్దిసేపటికే ముఖం ఉబ్బి, విపరీతంగా దురద పెడితే అది అలర్జీ. వెంటనే కడిగేసి, మళ్లీ రాయకండి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

క్లిండమైసిన్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాసుకుంటున్నవారు చాలామంది ఉన్నారు. యాంటీబయాటిక్ ఒంటరిగా వాడితే బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది. దాన్ని ఎప్పుడూ బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపే వాడాలి.

రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య మొటిమలు కొద్దిగా పెరిగినట్టు కనిపించవచ్చు. ఇక్కడే ఎక్కువమంది ఆపేస్తారు. మంట భరించగలిగినంతలో ఉంటే ఆపకండి. రోజూ అద్దంలో లెక్కపెట్టుకోవద్దు. రెండు వారాలకోసారి అదే కిటికీ దగ్గర, అదే సమయానికి ఫోన్‌లో ఫొటో తీసుకుని, పన్నెండో వారంలో మొదటిదానితో పోల్చండి.

వైద్యుల దగ్గరికి ఎప్పుడు?

చర్మం లోతున గట్టిగా, నొప్పిగా గడ్డలు ఉంటే, గుంటలు పడటం మొదలైతే, ఛాతీ, వీపు నిండా ఉంటే పన్నెండు వారాలు ఎదురుచూడవద్దు, వెంటనే వెళ్లండి. మొటిమలు పుండ్లుగా మారి, జ్వరం, కీళ్లనొప్పులు వస్తే అది అత్యవసరం. మొటిమలు కొద్దిగానే ఉన్నా వాటివల్ల కాలేజీ మానేస్తున్నా, అద్దం చూడలేకపోతున్నా, బతకాలనిపించడం లేదన్నా అది కూడా వెంటనే చెప్పాల్సిన లక్షణమే. బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ వంటి అర్హతలు ఉన్నాయేమో చూడండి; స్కిన్ క్లినిక్ అని రాసి ఉన్న ప్రతిచోటా చర్మవైద్యులు ఉండరు. ప్రభుత్వ బోధనాసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది, అక్కడ ఈ వైద్యం తక్కువ ఖర్చుతో దొరుకుతుంది.

వైద్యులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రను చీటీలో రాస్తే నిండు గ్లాసు నీటితో మింగి, ఒక గంటపాటు పడుకోకండి, లేకపోతే అన్నవాహికలో పుండు పడవచ్చు. ఇది వాడేటప్పుడు ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. సాధారణంగా మూడు నెలలకు మించి వాడరు, గర్భిణులకు ఇవ్వరు. మహిళలలో అవసరమైతే హార్మోన్ మాత్రలు, ఆండ్రోజన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ వంటివి ఉన్నాయి.

తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్ర చాలా శక్తిమంతమైన మందు, 1982 నుంచి వాడుకలో ఉంది. సరైన పర్యవేక్షణలో అది ఎందరో యువతీయువకుల ముఖాలను గుంటల నుంచి కాపాడింది, కాబట్టి పేరు విని బెదిరిపోనక్కరలేదు. అయితే గర్భంలోని శిశువుకు అది తీవ్రమైన అవయవ లోపాలు కలిగిస్తుంది. మందు వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి, అదే కాలంలో స్త్రీలైనా పురుషులైనా రక్తదానం చేయకూడదు. కాలేయం, రక్తంలోని కొవ్వు (ట్రైగ్లిజరైడ్ల) పరీక్షలు వైద్యులు చెప్పినప్పుడు చేయించుకోవాలి. పెదవులు ఎండి పగలడం దాదాపు అందరికీ ఉంటుంది, దానికి వాసలీన్ చాలు. మనసు దిగులుగా మారితే దాచకుండా చెప్పండి. మీకు రాసిన మాత్రలను చెల్లికో స్నేహితురాలికో ఇవ్వడం ఎంతమాత్రం తగదు.

తగ్గిన తరువాత

ముఖం బాగుపడగానే అన్నీ ఆపేస్తే కొన్ని నెలల్లో మొటిమలు తిరిగి వస్తాయి. యాంటీబయాటిక్‌లు ఆపినా అడాపలీన్‌ను వైద్యులు చెప్పినన్ని నెలలు కొనసాగించండి. చదునుగా ఉన్న నల్లమచ్చలు సన్‌స్క్రీన్, అడాపలీన్, అజెలాయిక్ యాసిడ్‌లతో కొన్ని నెలల్లో పలచబడతాయి. వేలికి పల్లంగా తగిలే గుంటలు ఏ క్రీముతోనూ నిండవు. గుంట సన్నగా లోతుగా ఉందా, వెడల్పుగా ఉందా, అలలాగా ఉందా అనేదాన్ని బట్టి మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో గుచ్చడం), సబ్‌సిషన్ (గుంటను కిందికి లాగే పోగులను సూదితో తెంచడం), టీసీఏ (గుంటలో పెట్టే ఒక ఆమ్లం), లేజర్ వంటివి చర్మవైద్యులు ఎంచుతారు. వీటికి చాలాసార్లు వెళ్లాల్సి ఉంటుంది, పూర్తిగా చదును కావడం అరుదు, మన చర్మంలో నలుపు పెరిగే ప్రమాదమూ ఉంది. అందువల్ల వీటిని బ్యూటీ పార్లర్‌లో చేయించుకోకండి. కొత్త మొటిమలు రావడం పూర్తిగా అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టండి, మొత్తం ఎన్ని విడతలు, ఎంత ఖర్చు, ఎంత మేరకు మెరుగు ఆశించవచ్చు అనేవి ముందే అడిగి తెలుసుకోండి.